పేటలో పులి మాట.. బార్శీలో పులి బాట

పటంలోని వాహనం కొండల్లోకి నడిచొచ్చింది
పుకారెంత? నిజమెంత? పూర్వభాగ్‌లో అందరి నోటా అదే చర్చ

సోలాపూర్: పూర్వభాగ్‌లోని పద్మశాలీల ఇళ్లకు పులి కొత్త చుట్టమేమీ కాదు. దేవుడి గూట్లో, గోడ మీది పటంలో భావనారుషి పులి మీద కూర్చుని కనిపిస్తాడు. పసిపిల్లలు నడక నేర్వకముందే ఆ బొమ్మను గుర్తుపడతారు. అయితే అది పటంలో పులి. అసలు పులి అంటారా, అది ఆదిలాబాద్ అడవుల్లోనో, చాందా వైపో ఉండాల్సిందే తప్ప చెట్టూచేమా లేని సోలాపూర్ నేల మీద దానికేం పని అనుకునేవారు.

2024 డిసెంబరులో ఆ లెక్క తప్పింది. సోలాపూర్‌కు 70 కిలోమీటర్ల దూరంలోని బార్శీ తాలూకా, దాన్ని ఆనుకుని ధారాశివ్ (పాత ఉస్మానాబాద్) జిల్లాలో ఉన్న యెడ్శీ రామలింగ్ ఘాట్ అభయారణ్యం.. ఈ రెండింటి మధ్య ఒక మగ పెద్దపులి తిరుగుతోందని తేలింది. మొదట రైతులు చెప్పారు. చాలామంది నవ్వారు. తర్వాత అడవిలో పెట్టిన కెమెరా ఫొటో తీసింది. నవ్వులు ఆగిపోయాయి.

అక్కడి నుంచి పేటల్లో పులి ముచ్చట మొదలైంది. చాయ్ హోటళ్ల దగ్గర, బీడీలు చుట్టే అరుగుల మీద, సాంచల మోతలో గొంతు పెంచి మాట్లాడుకునే కార్ఖానాల్లో అదే మాట. కొందరికి భయం, కొందరికి భక్తి. ఇంకొందరికి ఇది నిజమో, ఫోన్లలో పుట్టిన కథో అర్థం కాని అయోమయం. ఈ మూడింటినీ విడివిడిగా చూస్తే తప్ప అసలు సంగతి తెలియదు.

రుషి ఎక్కిన పులి

పద్మశాలీల పురాణంలో మొదటి నేతగాడు భావనారుషి. మార్కండేయ మహర్షి చేసిన యజ్ఞంలో అగ్నిగుండం నుంచి పుట్టాడని, విష్ణుమూర్తి నాభి నుంచి వచ్చిన తామర తూడు నూలుతో దేవతలకు బట్ట నేశాడని చెబుతారు. సూర్యుని కూతురు భద్రావతిని పెళ్లాడాడు. వారికి నూటొక్క మంది కొడుకులు. ఆ నూటొక్కటే నేటి 101 గోత్రాలంటారు. కాళవాసురుడనే రాక్షసుణ్ని జయించిన ఈ రుషికి వాహనం పులి. కథ ఊరూరికీ కాస్త మారుతుంది గానీ పులి మాత్రం మారదు.

సోలాపూర్‌లో ఈ కథ పుస్తకాల్లో దాక్కుని లేదు. భద్రావతి పేట పేరు రోజుకు వందసార్లు నలుగురి నోట వినిపిస్తుంది. రాఖీ పౌర్ణమి నాడు, మరాఠీవాళ్లు నారళీ పౌర్ణమి అనే రోజున, మార్కండేయ రథం కదిలితే పూర్వభాగ్ మొత్తం వీధుల్లోనే ఉంటుంది. కొత్త జంధ్యాలు, చేతులకు నూలు పోగులు, దారి పొడవునా భజనలు. అటు తెలంగాణ పల్లెల్లో కూనపులి వాళ్లు పొడవాటి బొమ్మల పటాన్ని ఒక్కో చుట్టూ విప్పుతూ రాత్రంతా ఈ కథే చెబుతారు. చేర్యాల నకాషీ కళాకారులు గీసిన పటాలవి. కథ చెప్పే కులం పేరులోనే పులి ఉండటం విశేషం.

అందుకే బార్శీ పులి వార్త రాగానే పేటల్లోని పెద్దవాళ్లకు ముందు గుర్తొచ్చింది అడవి కాదు, పటం. రుషి వాహనం మనల్నేం చేస్తుందనే ధీమా కొందరిది. నమ్మకాన్ని తప్పుపట్టనక్కర్లేదు. కానీ కొండల్లోకి వచ్చిన పులికి పురాణం తెలియదు. దానికి తెలిసినవి ఆకలి, దాహం, తన జాతి వాసన. ఈ తేడా మరిచిపోతే ప్రమాదం మనిషికీ ఉంది, పులికీ ఉంది.

ఎండిన నేల.. ఒకప్పటి వేటభూమి

సోలాపూర్ జిల్లా వానకు దూరపు చుట్టం. సహ్యాద్రి కొండలు మేఘాలను అటువైపే ఆపేస్తాయి. ఏడాదికి 600 మిల్లీమీటర్లకు అటూఇటూగా కురిసే వానతోనే జొన్న, కంది పండాలి. కాలువ నీళ్లు అందిన చోట చెరకు. మిగతాదంతా గడ్డి, రాళ్లు, ముళ్లపొదలు. ఉత్తరాన బాలాఘాట్ గుట్టల వరస. ఎండాకాలం చూస్తే ఎడారి కొండల్లాగే కనిపిస్తాయి.

చూపుకు బీడులా ఉన్నా ఈ నేల ఖాళీ కాదు. బార్శీ రోడ్డులో నాన్నజ్ దగ్గర బట్టమేక పిట్ట కోసం 1979లో అభయారణ్యం ప్రకటించారు. మరాఠీలో మాళఢోక్ అంటారు. ఉమ్మడి కర్నూలు జిల్లా రోళ్లపాడులో మనవాళ్లు కాపాడుకోవాలని తంటాలు పడ్డది ఈ పిట్ట కోసమే. మొదట్లో 8 వేల చదరపు కిలోమీటర్లు దాటి ఉన్న నాన్నజ్ అభయారణ్యం తర్వాత 1,222 చదరపు కిలోమీటర్లకు కుదించుకుపోయింది. పిట్ట కనిపించడమే గగనమైంది. కృష్ణజింకలు, తోడేళ్లు మాత్రం ఇప్పటికీ ఈ గడ్డి నేలనే నమ్ముకున్నాయి.

ఇలాంటి గడ్డి నేలల మీదే ఒకప్పుడు చీతా పరుగెత్తేది. చీతా వేరు, చిరుత వేరు. చిరుత చెట్టెక్కుతుంది, పొంచి దూకుతుంది. చీతా మైదానంలో జింకను పరుగెత్తి పట్టుకుంటుంది. దక్కన్ రాజులు, జమీందార్లు చీతాలను మచ్చిక చేసుకుని కృష్ణజింకల మీదకు వదిలేవారు. 1947లో ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా సంస్థానం రాజు మూడింటిని ఒకే రాత్రి కాల్చాడు. ఆ తర్వాత కూడా అక్కడా ఇక్కడా చూశామన్న మాటలు ఆగలేదు. 1952లో చిత్తూరు జిల్లాలో చీతా కనిపించిందని కిర్క్‌ప్యాట్రిక్ అనే ఆయన బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో నమోదు చేశాడు. అదే ఏడాది ప్రభుత్వం చీతా దేశంలో అంతరించిందని ప్రకటించింది. చివరిసారి చూసిన ఆనవాలు తెలుగు గడ్డ మీదిదే కావచ్చునన్న సంగతి చాలామందికి తెలియదు. మళ్లీ చీతా అడుగు ఈ దేశంలో పడింది 2022 సెప్టెంబరు 17న. అదీ నమీబియా నుంచి విమానంలో వచ్చి, మధ్యప్రదేశ్‌లోని కునోలో.

పోయిందనుకున్నది పోయిందే అని, లేదన్నది లేనే లేదని ఎవరూ గట్టిగా చెప్పలేని విషయం ఇది. అందుకే పులి పుకారు వచ్చినప్పుడు కొట్టిపారేయడం ఎంత తేలికో, నమ్మేయడమూ అంతే తేలిక.

కెమెరా చెప్పిన సాక్ష్యం

అడవిలో జంతువులు తిరిగే దారిలో చెట్టుకు ఒక పెట్టె కడతారు. ముందు నుంచి ఏదైనా కదిలితే దానంతట అదే ఫొటో తీస్తుంది. రాత్రయినా పగలైనా ఒకటే. యెడ్శీ రామలింగ్ ఘాట్‌లో పులిని పట్టిచ్చింది ఇలాంటి కెమెరానే.

అది ఎక్కడి పులో ఎలా తెలిసింది? నేతగాళ్లకు ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. జకార్డ్ మగ్గం మీద ఏ డిజైన్‌కు ఆ అట్టలే ఉంటాయి. రంధ్రాల వరస చూస్తే ఇది ఏ చద్దర్‌దో పనివాడు చెప్పేస్తాడు. పులి చారలూ అంతే. మనిషి వేలిముద్రలా ఒక పులి చారలు ఇంకో పులికి ఉండవు. కుడి పక్కవి ఎడమ పక్కతో కూడా కలవవు. దేశంలోని అడవుల్లో తీసిన పులుల ఫొటోలు భద్రపరిచి ఉంటాయి. యెడ్శీ ఫొటోను వాటితో పోల్చి చూస్తే యవత్మాల్ జిల్లాలోని టిపేశ్వర్ అభయారణ్యంలో పుట్టిన పులి అని తేలింది. వయసు మూడేళ్లకు అటూఇటు. నడిచి వచ్చిన దూరం సుమారు 450 కిలోమీటర్లు.

450 కిలోమీటర్లంటే మాటలు కాదు. మధ్యలో ఎన్నో ఊళ్లు, వాగులు, రైలు పట్టాలు, హైవేలు. పగలంతా చెరకు తోటలోనో, వాగు ఒడ్డున పొదల్లోనో పడుకుని, రాత్రి నడిచి ఉండాలి. దారి పొడవునా ఎంతమంది పొలానికి నీళ్లు పెట్టడానికి వెళ్లి దాని పక్క నుంచే నడిచి ఉంటారో.

మన తొవ్వే దాని తొవ్వ

టిపేశ్వర్ పేరు సోలాపూర్‌లో కొత్తగా ఉండొచ్చు గానీ ఆదిలాబాద్ వాసులకు పక్క ఇల్లు. పెన్‌గంగ అవతలి ఒడ్డు దాటి కాస్త లోపలికి వెళితే వచ్చేదే టిపేశ్వర్. విస్తీర్ణం 148 చదరపు కిలోమీటర్లు మాత్రమే. నీళ్లు, మేత, కాపలా బాగుండటంతో పులులు పెరిగాయి. అడవి మాత్రం పెరగలేదు.

పులి పిల్ల రెండేళ్ల వయసుకు తల్లిని వదిలేస్తుంది. ఆడపిల్ల అయితే తల్లి ఇలాకా పక్కనే సర్దుకుంటుంది. మగదానికి ఆ వీలుండదు. అప్పటికే అక్కడ పాతుకుపోయిన పెద్ద మగపులి తరిమేస్తుంది, లేదా చంపేస్తుంది. సొంత జాగా, తోడు వెతుక్కుంటూ బయల్దేరాల్సిందే. టిపేశ్వర్ నుంచి ఇలా బయల్దేరిన పులులు పెన్‌గంగ దాటి ఆదిలాబాద్ జిల్లాలోకి రావడం ఏళ్ల తరబడి చూస్తున్నదే. 2024 నవంబరులో నాందేడ్ జిల్లా కిన్వట్ వైపు నుంచి వచ్చిన జానీ అనే మగపులి జోడు కోసం నిర్మల్, ఆదిలాబాద్ జిల్లాల్లో వారాల తరబడి తిరగడం అప్పట్లో పెద్ద వార్త.

వీటన్నింటిలో పేరుమోసింది 'వాకర్'. టిపేశ్వర్‌లో పుట్టిన ఈ పులికి 2019 ఫిబ్రవరిలో మెడకు రేడియో కాలర్ కట్టారు. అందువల్ల దాని ప్రతి మజిలీ లెక్కకు వచ్చింది. జూన్‌లో బయల్దేరి ఆదిలాబాద్ జిల్లా పొలాల మీదుగా, మళ్లీ మరాఠ్వాడా మీదుగా, ఐదు నెలల్లో 1,300 కిలోమీటర్లు తిరిగి డిసెంబరుకు బుల్దానా జిల్లా జ్ఞానగంగ అభయారణ్యం చేరింది. తొమ్మిది నెలల మొత్తం లెక్క 3 వేల కిలోమీటర్లు దాటింది. ఊళ్ల మధ్య నుంచి అంత దూరం నడిచినా కావాలని మనిషి మీదకు వెళ్లింది లేదు. పొదలోకి వెళ్లి దానికి ఎదురుపడిన ఒకరికి గాయమైంది, అంతే. అయితే జ్ఞానగంగలో దానికి జాగా దొరికింది గానీ జోడు దొరకలేదు.

పూర్వభాగ్ పేటల్లోని కుటుంబాలకు ఈ నడక కథ వింతగా అనిపించదు. వారి తాతముత్తాతలు కరీంనగర్, నల్లగొండ, పాలమూరు, మెదక్ పల్లెల నుంచి కరువుకు, మిల్లు బట్ట దెబ్బకు ఊళ్లో మగ్గం ఆగిపోయి, మూటాముల్లె సర్దుకుని ఇటు నడిచినవాళ్లే. 1860లో సోలాపూర్‌కు రైలు వచ్చింది. 1877లో మొదటి బట్టల మిల్లు వచ్చింది. ముందొచ్చినవాడు చుట్టాన్ని పిలిచాడు, చుట్టం బావమరిదిని పిలిచాడు. అలా పేటలు నిండాయి. పులికి అలా పిలిచేవాళ్లెవరూ లేరు. వచ్చిన చోట అది ఒంటరి.

పట్టాలా.. వదలాలా?

యెడ్శీ రామలింగ్ ఘాట్ విస్తీర్ణం 22 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. మగ పెద్దపులికి అది పెరడుతో సమానం. వారానికి ఒక పెద్ద జంతువైనా దొరకాలి. అడవిలో దొరకకపోతే పొలాల్లోకి దిగుతుంది. బార్శీ, ధారాశివ్ వైపు పల్లెల్లో ఆవులు, దూడలు చనిపోవడం మొదలైంది. పొద్దుగూకాక పొలానికి వెళ్లాలంటే రైతుకు గుండె దడ. పగలంతా కరెంటు ఉండని చోట రాత్రి మోటారు పెట్టక తప్పదు. జొన్న కోతల కాలం. ఇదంతా పులికి చెప్పినా వినేది కాదు.

2025 జనవరిలో ఆ పులిని మత్తుమందుతో పట్టి, కాలర్ కట్టి, సహ్యాద్రి పులుల అభయారణ్యానికి తరలించాలని నిర్ణయించారు. చంద్రపూర్ వైపు నుంచి, పుణె నుంచి బృందాలు దిగాయి. పులి దొరకలేదు. ఇవాళ ఒక గుట్ట, రేపు ఇంకో జిల్లా. మత్తు సూది వేయాలంటే పులి కొన్ని పదుల మీటర్ల దూరంలో, కదలకుండా, పగటి వెలుగులో కనిపించాలి. రాత్రి నడిచే, మనుషుల అలికిడికి తప్పుకునే జంతువు అంత అవకాశం ఇస్తుందా? నెలలు గడిచినా అది చిక్కలేదు.

ఈ నిర్ణయం మీద రెండు మాటలున్నాయి. పట్టి తీసుకుపోవాలనే వాళ్ల వాదన సూటిగా ఉంది. ఇక్కడ దానికి అడవి చాలదు, జోడు లేదు, రేపు ఎవరికైనా ఏమైనా జరిగితే జనం దాన్ని బతకనివ్వరు. సహ్యాద్రిలో వందల చదరపు కిలోమీటర్ల కొండ అడవి పులుల కోసం ఎదురుచూస్తోంది. రెండోవైపు వాదన కూడా తీసిపారేసేది కాదు. ఒక పులిని తీసుకుపోయినంత మాత్రాన దారి మూసుకుపోదు. టిపేశ్వర్ నిండుతున్నంత కాలం రేపు ఇంకోటి వస్తుంది. కాబట్టి పశువుకు పరిహారం వెంటనే ఇవ్వడం, రాత్రి కరెంటు పగటికి మార్చడం, మధ్య దారిలోని చిన్నచిన్న అడవులను బతికించడం.. ఇవి చేయకుండా పట్టడం గురించే మాట్లాడితే ఏం లాభం అంటారు వాళ్లు.

రెండు మాటల్లోనూ నష్టపోయేది ఎవరో మాత్రం స్పష్టం. ఒక్క ఆవు మీద బతికే కుటుంబం.

భయం ఊరికే పుట్టలేదు

పట్నంలో కూర్చుని పల్లెవాళ్ల భయాన్ని తేలిక చేయడం తగదు. ఇదే సోలాపూర్ జిల్లా కర్మాళా తాలూకాలో 2020 డిసెంబరులో ఒక చిరుత కొద్దిరోజుల తేడాతో ముగ్గుర్ని పొట్టనబెట్టుకుంది. అంతకుముందు బీడ్, అహ్మద్‌నగర్ జిల్లాల్లోనూ దాడులు చేసిన జంతువు అది. చెరకు తోటల్లో దాక్కుంటూ రోజుల తరబడి తప్పించుకుని, చివరికి డిసెంబరు 18న తూటాకు నేలకొరిగింది. అటు తెలంగాణలో 2024 నవంబరు చివర్లో కాగజ్‌నగర్ మండలంలో చేనులో పత్తి ఏరుతున్న యువతి పులి దాడిలో ప్రాణం కోల్పోయింది. పత్తి ఏరడానికి వంగిన మనిషి పులి కంటికి మనిషిలా కనిపించదు, నాలుగు కాళ్ల జంతువులా కనిపిస్తుందని అటవీ సిబ్బంది ఎప్పటి నుంచో చెబుతున్నదే.

పూర్వభాగ్‌లో రాత్రి షిఫ్టు దిగి ఇంటికి వెళ్లే సాంచ కార్మికులకు, ఊరి చివర కుంభారి దగ్గర బీడీ ఘర్కుల్ కాలనీల్లో ఉండే ఆడవాళ్లకు ఇలాంటి వార్త వింటే బెదురు పుట్టడం సహజం. ఆ బెదురు మీదే పుకారు బతుకుతుంది. ఎక్కడో ఎప్పుడో తీసిన వీడియోకు మన కాలనీ పేరు తగిలించి ఫోన్లలో పంపేవాళ్లకు కొదవలేదు. ఒకడు నవ్వులాటకు పంపుతాడు, ఇంకో వందమంది ఆ రాత్రి నిద్రపోరు.

గందరగోళానికి మాట కూడా కారణమే. తెలుగులో పులి అంటే పెద్దపులీ కావచ్చు, చిరుతపులీ కావచ్చు. మరాఠీలో పెద్దపులి వాఘ్, చిరుత బిబట్యా. కానీ పల్లెల్లో చిరుతను కూడా వాఘ్ అనేస్తారు. బార్శీలో ఒకరు వాఘ్ అంటారు, బస్సులో ఇంకొకరు పులి అని తెలుగులోకి మారుస్తారు, పేటకు చేరేసరికి అది పెద్దపులి అయిపోతుంది. నిజానికి వాళ్లు చూసింది చిరుత కావచ్చు. తోడేలు కావచ్చు, మరాఠీవాళ్లు లాండ్గా అంటారు. దుమ్ములగొండి కూడా కావచ్చు, దాన్ని తరస్ అంటారు. చీకట్లో టార్చి వెలుగుకు అన్నింటి కళ్లూ మెరుస్తాయి.

నేల మీది అడుగు మాత్రం అంత తేలిగ్గా అబద్ధం చెప్పదు. పులి, చిరుత నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి. కాబట్టి అడుగు ముద్రలో గోరు గుర్తు పడదు. కుక్క, తోడేలు, దుమ్ములగొండి అడుగుల్లో వేళ్ల ముందు గోళ్ల చుక్కలు కనిపిస్తాయి. చిరుత అడుగు అరచేతిలో ఇమిడేంత. పెద్దపులిది అరచేయి మూసినా మిగిలేంత. ఇంత చిన్న సంగతి తెలిసినా సగం పుకార్లు తెల్లారేసరికి చల్లారిపోతాయి.

ఎడారి కొండల్లోనూ ఇదే కథ

ఈ తంతు ఒక్క సోలాపూర్‌దే కాదు. ప్రపంచంలో ఎండిన కొండలున్న ప్రతిచోటా ఉన్నదే.

ఆఫ్రికాలో సహారా ఎడారి నడిమధ్య, అల్జీరియా దేశంలో అహగ్గార్ కొండలున్నాయి. నీటిచుక్క దొరకని ఆ రాళ్లలో చీతా ఉందని అక్కడి పశువుల కాపరులు చెబుతూ వచ్చారు. బయటివాళ్లకు కథలాగే వినిపించింది. 2008లో అక్కడ కెమెరాలు పెట్టారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఫొటోలు బయటికొచ్చాయి. ఒకటి కాదు, ఒంటి మీది మచ్చలను బట్టి నాలుగు వేర్వేరు చీతాలని గుర్తించారు. కాపరుల మాట నిజమైంది.

మొరాకో దేశపు అట్లాస్ కొండల కథ వేరు. అక్కడి సింహాన్ని 1925లో ఒక ఫొటోగ్రాఫర్ విమానం నుంచి ఫొటో తీశాడు. 1942లో ఒక కనుమ దగ్గర వేటగాడు ఒకదాన్ని కాల్చాడు. పుస్తకాల్లో అక్కడితో కథ ముగిసింది. కానీ కొండ పల్లెల ముసలివాళ్లు మాత్రం తర్వాత కూడా చూశామనేవారు. ఆ మాటలన్నీ పోగేసి లెక్కగట్టిన పరిశోధకులు ఉత్తర ఆఫ్రికా కొండల్లో సింహం 1960ల దాకా బతికే ఉండొచ్చని 2013లో తేల్చారు. ముసలివాళ్ల మాట పూర్తిగా అబద్ధం కాదు. కానీ దాన్ని వినేసరికి సింహం పోయింది.

మనవాళ్లు కూలికి, డ్రైవర్ పనికి వెళ్లే ఒమన్‌లో సలాలా వెనుక ధోఫార్ కొండలున్నాయి. అక్కడ అరేబియా చిరుత ఇప్పటికీ ఉంది. ప్రపంచం మొత్తంలో మిగిలినవి 200 కంటే తక్కువ. సలాలాలో ఏళ్ల తరబడి ఉన్నా దాన్ని కళ్లారా చూసినవాళ్లు అరుదు. అక్కడా సాక్ష్యం కెమెరాలదే.

ఈ మూడు కథల్లో తేలేది ఒకటే. కాపరి మాట, రైతు మాట తీసి అవతల పారేసేది కాదు. అలాగని రుజువు లేకుండా నెత్తికెత్తుకునేదీ కాదు. విన్నవాడు వెళ్లి చూడాలి. బార్శీ రైతుల విషయంలో ఆ పని సకాలంలో జరిగింది కాబట్టే పులి ఉందని తెలిసింది.

కనిపిస్తే ఏం చేయాలి?

• మహారాష్ట్ర అటవీ శాఖ సహాయ నంబరు 1926. అడుగు గుర్తు కనిపించినా, పశువు చనిపోయినా ముందు ఈ నంబరుకు గానీ దగ్గరి అటవీ కార్యాలయానికి గానీ చెప్పాలి.

• చనిపోయిన పశువును కదిలించొద్దు. పంచనామా జరిగితేనే పరిహారం. కళేబరం మీద మందు చల్లడం నేరం. పులి ఒక్కటే కాదు, దాన్ని తిన్న కుక్కలు, గద్దలు అన్నీ చస్తాయి.

• అడుగు గుర్తు మీద గంప బోర్లించి ఉంచితే సిబ్బంది వచ్చేదాకా చెరిగిపోదు.

• చూడటానికి గుంపుగా వెళ్లొద్దు. గుంపు చుట్టుముడితే దాడి చేసే ప్రమాదం ఉంది. ఎదురుపడితే వీపు చూపి పరుగెత్తొద్దు. దాన్నే చూస్తూ మెల్లగా వెనక్కి నడవాలి.

• పొలంలో వంగి చేసే పని ఉంటే ఒంటరిగా వద్దు. తెల్లవారుజామున, మునిమాపున మరీ వద్దు.

• ఫోన్‌లో వచ్చిన వీడియో ఎక్కడిదో, ఎప్పటిదో తెలియకుండా ఇంకొకరికి పంపొద్దు.

జోడు లేని పులి

పటంలోని పులికి ఏ లోటూ లేదు. దాని మీద రుషి ఉన్నాడు, పక్కన భద్రావతి ఉంది, ఏడాదికోసారి రథం ఉంది. బాలాఘాట్ గుట్టలకు నడిచొచ్చిన పులికి ఇవేవీ లేవు. చుట్టూ వందల కిలోమీటర్ల దూరంలో ఆడపులి లేదు. అది ఎంత గట్టిదైనా, ఎంత తెలివైనదైనా, జోడు లేకపోతే ఈ కొండల్లో దాని వంశం దానితోనే ఆఖరు. అప్పుడిక మిగిలేది మళ్లీ పుకారే. పలానా ఏడు బార్శీలో పులి తిరిగిందట అని మనవళ్లకు చెప్పుకునే కథ.

ఆ కథ అలా ముగియకూడదంటే టిపేశ్వర్ నుంచి బాలాఘాట్ దాకా, పెన్‌గంగ నుంచి సహ్యాద్రి దాకా ఉన్న తొవ్వ తెరిచి ఉండాలి. ఆ తొవ్వలో పడే చెరకు తోట రైతుకు నష్టం రాకుండా చూడాలి. పులిని మొక్కే పేటలు ఆ రైతు మాటను కూడా వింటే చాలు. పొట్ట చేతపట్టుకుని కొత్త చోటికి నడవడం అంటే ఏమిటో వీరికి ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు.